కొత్త క్రెడిట్ కార్డుకు లిమిట్ పెంచమని అడగడం: ఎప్పుడు, ఎంత, ఎలా

కార్డు చేతికొచ్చింది. లిమిట్ చూస్తే నెల ఖర్చులకే బొటాబొటిగా ఉంది. వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలనిపిస్తుంది. చాలామంది చేస్తారు, చాలామందికి కుదరదనే జవాబే వస్తుంది. బ్యాంకు ఆ అంకె వేసి పది రోజులైనా కాలేదు, ఈ పది రోజుల్లో మీ గురించి దానికి కొత్తగా తెలిసిందేమీ లేదు. లిమిట్ పెంచమనడమంటే నా లెక్క మళ్లీ చూడండి అనడమే. మళ్లీ చూసేసరికి ఆ లెక్కలో ఏదో ఒకటి మారి ఉండాలి. ఆదాయం పెరిగి ఉండాలి, పాత అప్పు తగ్గి ఉండాలి, లేదా మీరు కార్డు వాడే తీరు ఆరు నెలల బిల్లుల్లో కనబడాలి. ఈ మూడింటిలో ఒక్కటీ లేకుండా ఎన్నిసార్లు అడిగినా జవాబు మారదు. కాబట్టి అడగడానికి పట్టేది పది నిమిషాలే అయినా, దానికి ముందు చేసుకోవాల్సిన పని ఆరు నెలలది.

మొదటి అంకె ఎలా వచ్చింది

దరఖాస్తులో మీరు రాసిన ఆదాయం, ఇప్పటికే కడుతున్న ఈఎంఐలు, క్రెడిట్ రిపోర్టులో (మీ అప్పులూ వాటి చెల్లింపులూ నమోదయ్యే పత్రంలో) ఉన్న చరిత్ర, ఈ మూడూ కలిపి బ్యాంకు తన సొంత లెక్క వేస్తుంది. మీరు తీసుకున్న కార్డు రకానికి ఇంత నుంచి ఇంత వరకు అని ఒక పరిధి ఉంటుంది. ఒకే బ్యాంకులో మీకు రెండో కార్డో, పర్సనల్ లోనో ఉంటే, ఈ మనిషికి మొత్తం మీద ఇంతకు మించి ఇవ్వకూడదు అన్న గీత ఇంకోటి ఉంటుంది.

మంచి జీతం ఉండి, ఇదివరకు ఏ అప్పూ తీసుకోనివాళ్లకు తక్కువ లిమిట్ రావడం మామూలే. అప్పు చేయకపోవడం మంచి అలవాటే, కానీ తీసుకున్న అప్పు ఎలా తీరుస్తారో చూపించే రికార్డు బ్యాంకు దగ్గర ఏదీ లేదు. దీన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు. చిన్న లిమిట్‌తో మొదలుపెట్టి చూద్దాం అనుకుంటుంది బ్యాంకు, అంతే.

కార్డు రకానికున్న పరిధి సంగతి మాత్రం ముందే కనుక్కోండి. మీ కార్డుకి పైగీత 1,00,000 అయితే, మీ ఆదాయం ఎంత పెరిగినా ఆ కార్డు మీద 1,50,000 రాదు. అలాంటప్పుడు అడగాల్సింది కార్డు మార్చమని. మార్చితే వార్షిక రుసుము మారొచ్చు, రివార్డు పాయింట్ల నిబంధనలు మారొచ్చు, కార్డు నంబరు కూడా మారొచ్చు. నంబరు మారితే దాని మీద పెట్టుకున్న ఆటోమేటిక్ చెల్లింపులన్నీ మళ్లీ పెట్టుకోవాలి.

ఆరు నెలలు ఆగనక్కర్లేని మూడు సందర్భాలు

మొదటిది, బ్యాంకు మీ ఆదాయాన్ని తప్పుగా ఎక్కించుకుంటే. నెల జీతం అని అడిగిన చోట చేతికొచ్చే జీతం రాసి ఉండొచ్చు, ఏడాది ఆదాయం అన్న చోట పొరపాటున నెల అంకె పడి ఉండొచ్చు, బోనస్ కలపకుండా వదిలేసి ఉండొచ్చు. దరఖాస్తు కాపీ తీసి ఆ గడి ఒకసారి చూడండి. తప్పు దొరికితే ఫోన్‌లో లిమిట్ పెంచమని అడగకండి. "దరఖాస్తులో ఆదాయం తప్పుగా నమోదైంది, సరిచేసి లిమిట్ మళ్లీ చూడండి" అనండి. ఈ రెండు మాటలూ బ్యాంకులో రెండు వేర్వేరు దారుల్లో వెళ్తాయి. మొదటి దారిలో వెళ్తే కార్డుకి ఇంకా ఆరు నెలలు నిండలేదంటూ కంప్యూటరే తిప్పి పంపొచ్చు.

రెండోది, అదే బ్యాంకులో మీకు ఇంకో పాత కార్డు ఉండి, దాన్ని పెద్దగా వాడకపోతే. పాత కార్డు లిమిట్‌లోంచి కొంత కొత్త దానికి మళ్లించమని అడగొచ్చు. బ్యాంకు మీకు ఇచ్చిన మొత్తం పెరగడం లేదు కాబట్టి ఒప్పుకోవడం తేలిక. అన్ని బ్యాంకులూ ఈ పని చేయవు, అయినా అడగడంలో నష్టం లేదు. రెండు కార్డులకూ కలిపి ఒకే లిమిట్ ఇచ్చారేమో కూడా అప్పుడే తెలుస్తుంది. కలిపి ఇస్తే ఒక దాని మీద ఖర్చు పెట్టినప్పుడల్లా రెండో దానిలోనూ తగ్గుతుంది.

మూడోది, డిపాజిట్ మీద ఇచ్చిన కార్డు. డిపాజిట్ పెంచితే లిమిట్ పెరుగుతుంది. ఇక్కడ వాదన అక్కర్లేదు, డబ్బు కడితే చాలు. ఆ డబ్బు కార్డు ఉన్నంతకాలం కదలదన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఈ మూడింటిలో మీది ఏదీ కాకపోతే, కార్డు వచ్చిన నాటి నుంచి కనీసం ఆరు బిల్లులు రానివ్వండి. కొన్ని బ్యాంకులు మూడు నెలలకే చూస్తాయి, కొన్ని ఏడాది నిండందే కదలవు. ఆరు నెలలన్నది ఎక్కువచోట్ల పనికొచ్చే లెక్క.

ఆ ఆరు నెలల్లో కార్డు ఎలా వాడాలి

అసలు పనంతా ఇక్కడే ఉంది. బ్యాంకు చూసేవి రెండు విషయాలు: గడువులోగా కడుతున్నారా, ఇచ్చిన దాంట్లో ఎంత భాగం వాడుతున్నారు. అప్పు తీర్చే తీరును బట్టి మనిషికి వేసే అంకెను స్కోరు అంటారు. అమెరికాలో బ్యాంకులు విరివిగా వాడే ఫైకో స్కోరులో చెల్లింపుల చరిత్రకు 35 శాతం, బాకీ ఉన్న మొత్తానికి 30 శాతం బరువుంటుంది. మిగతా దేశాల స్కోర్లు అంకెల్లో వేరుగా ఉన్నా, ఈ రెండింటికీ ఉన్న ప్రాధాన్యం మాత్రం ఎక్కడైనా ఎక్కువే.

చెల్లింపు సంగతి సూటిగా చెప్పొచ్చు. మొదటి నెలలోనే ఆటో డెబిట్ పెట్టేయండి. పెట్టేటప్పుడు మినిమం మొత్తమా (ఆ నెల తప్పక కట్టాల్సిన కనీస భాగం), పూర్తి మొత్తమా అని అడుగుతుంది. పూర్తి మొత్తమే ఎంచుకోండి. మినిమం కడితే ఆలస్య రుసుము పడదు, రిపోర్టులో ఆలస్యం అని కూడా పడదు, కానీ మిగిలిన బాకీ మీద వడ్డీ మొదలవుతుంది. పైగా వడ్డీ లేని రోజుల సౌకర్యం పోయి, కొత్తగా కొన్న వాటి మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడే అవకాశం ఉంది. ఆరు నెలల్లో నాలుగు సార్లు మినిమం మాత్రమే కట్టిన మనిషి లిమిట్ అడిగితే, ఉన్నదే తీర్చలేకపోతున్నారని బ్యాంకు అర్థం చేసుకుంటుంది. అంతకన్నా చెడ్డది, ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగి వెళ్లడం. అది ఒక్కసారి జరిగినా తర్వాత కొన్ని నెలల దాకా అడగకపోవడమే మంచిది.

వాడకం శాతం దగ్గర చాలామంది తడబడతారు. బిల్లు వచ్చాక గడువులోగా మొత్తం కట్టేస్తున్నాను, ఇంకేం తప్పు అంటారు. సాధారణంగా రిపోర్టుకు వెళ్లేది బిల్లు తయారైన రోజున ఉన్న బాకీ. గడువు తేదీన మీరు కట్టారన్నది వేరే గడిలో పడుతుంది.

ఒక లెక్క చూద్దాం. లిమిట్ 50,000. బిల్లు తయారయ్యేది ప్రతి నెలా 12వ తేదీన. గడువు వచ్చే నెల 1వ తేదీ. ఈ నెల ఖర్చు 38,000.

ఏమీ చేయకుండా ఊరుకుంటే 12న 38,000కి బిల్లు పడుతుంది. వాడకం 76 శాతం అని నమోదవుతుంది. 1వ తేదీన మీరు పైసాతో సహా కట్టినా, ఆ నెల బొమ్మలో మాత్రం లిమిట్ అంచుదాకా వాడుతున్న మనిషిలా కనబడతారు.

అదే 8వ తేదీన 30,000 ముందుగా కట్టేస్తే 12న వచ్చే బిల్లు 8,000. వాడకం 16 శాతం. ఖర్చు అదే, కట్టిన డబ్బూ అదే. తేదీ ఒక్కటే మారింది. 11న కాకుండా 8నే ఎందుకంటే, కట్టిన డబ్బు కార్డు ఖాతాలో జమ పడడానికి ఒకటి నుంచి మూడు పనిదినాలు పట్టొచ్చు, మధ్యలో సెలవొస్తే ఇంకో రోజు. అంచున కడితే బిల్లులోకి రాదు.

ముందుగా కట్టాక మిగిలిన 8,000 సంగతి మర్చిపోయేవాళ్లు ఉంటారు. అది కూడా గడువులోగా కట్టాల్సిందే. బిల్లు రాకముందు కట్టిన డబ్బును కొన్ని బ్యాంకులు ఈ బిల్లు మినిమం కింద లెక్కలోకి తీసుకోవు, కాబట్టి ఆటో డెబిట్ తీసేయకండి.

భారత్‌లో 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు క్రెడిట్ సమాచారాన్ని కనీసం పదిహేను రోజులకోసారి, 15వ తేదీ నాటిదీ నెలాఖరు నాటిదీ పంపాల్సి వచ్చింది. అక్కడ బిల్లు తేదీతో పాటు బ్యాంకు సమాచారం పంపే తేదీలకు కూడా బాకీ తక్కువగా ఉండేలా చూసుకుంటే సరిపోతుంది.

ఎంత శాతం లోపు ఉండాలంటే, 30 అని అందరూ చెప్పే మాట. అది దాటితే స్కోరు ఒక్కసారిగా కూలిపోదు, తగ్గించే కొద్దీ నయం అన్నదే అసలు సంగతి. అడగబోయే ముందు రెండు మూడు నెలలు 10 నుంచి 20 శాతం మధ్య ఉంచండి. సున్నా మాత్రం వద్దు. ఆరు నెలలూ కార్డు బీరువాలో పెట్టి, ఇంకా లిమిట్ కావాలంటే, ఉన్నదే వాడనివాళ్లకు ఎందుకు అని బ్యాంకుకు అనిపిస్తుంది. నెలలో నిజమైన ఖర్చు కార్డు మీద ఎక్కువగానే ఉండి, బిల్లు తేదీకి బాకీ తక్కువగా ఉంటే అంతకన్నా మంచి బొమ్మ లేదు. ఎందుకంటే మీకు లిమిట్ అవసరం ఉందని ఆ బ్యాంకు తన రికార్డుల్లో చూస్తుంది, తీర్చే శక్తి ఉందనీ చూస్తుంది.

ఈ ఆరు నెలల్లో కార్డుతో ఏటీఎంలో నగదు తీయకండి. చేతిలో డబ్బు లేనివాళ్లు చేసే పని అది అని లెక్కల్లో పడుతుంది, వడ్డీ కూడా తీసిన క్షణం నుంచే. పెద్ద కొనుగోళ్లను ఈఎంఐగా మార్చితే మిగిలిన అసలు మొత్తం లిమిట్‌లోంచి తగ్గే ఉంటుంది, వాడకం శాతం నెలల తరబడి పైనే ఉండిపోతుంది. ఇంకో రెండు మూడు చోట్ల కొత్త కార్డులకు దరఖాస్తు పెట్టడం కూడా ఇప్పుడు వద్దు.

అడగడానికి నెల ముందు: రిపోర్టు తెప్పించుకోండి

మీ రిపోర్టు మీరే చూసుకుంటే స్కోరు తగ్గదు. భారత్‌లో నాలుగు సంస్థలు, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మిగతా దేశాల్లోనూ చాలాచోట్ల ఇలాంటి హక్కు ఉంది.

స్కోరు అంకె చూసి మూసేయకండి. లోపల చూడాల్సినవి: తీరిపోయిన అప్పు ఇంకా బాకీగా ఉందా, మీది కాని ఖాతా ఏదైనా పడిందా, కొత్త కార్డు లిమిట్ సరిగ్గా నమోదైందా. ఈ చివరిది ఎక్కువమంది చూడరు. లిమిట్ గడి ఖాళీగా ఉన్నా, తక్కువ అంకె పడినా వాడకం శాతం తప్పుగా లెక్కకొస్తుంది. తప్పుంటే రిపోర్టు ఇచ్చిన సంస్థ సైట్‌లోనే ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకూ రాయండి. సరిచేయడానికి భారత్‌లో గడువు 30 రోజులు, అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం రావాలి. నెల ముందే చూడమన్నది ఇందుకే.

ఇదే సమయంలో బ్యాంకు దగ్గర ఉన్న మీ ఆదాయం, ఉద్యోగం, చిరునామా వివరాలు కొత్తవా పాతవా చూసుకోండి. చాలా యాప్‌లలో ప్రొఫైల్ కింద ఆదాయం మార్చే వీలుంటుంది. అక్కడ మార్చి రెండు మూడు వారాలు ఆగితే, అడగకుండానే లిమిట్ పెంపు ఆఫర్ కనబడిన సందర్భాలూ ఉంటాయి.

ఎంత అడగాలి

వీలైనంత ఎక్కువ అని చెబితే అవతలివాళ్లు ఏమీ చేయలేరు. ఒక అంకె కావాలి, ఆ అంకెకు కారణం కావాలి.

మీ కార్డు ఖర్చు ఎక్కువగా ఉన్న నెల చూడండి, అసాధారణంగా ఒక్కసారి పడిన పెద్ద ఖర్చు పక్కనపెట్టి. అది 24,000 అనుకుందాం. ఆ ఖర్చు మొత్తం బిల్లులో పడినా 30 శాతం దాటకూడదంటే 24,000ని 0.3తో భాగించాలి, 80,000 వస్తుంది. ఇప్పుడున్నది 50,000. అంటే మీరు అడగాల్సింది 80,000, పెంపు 60 శాతం.

మొదటిసారికి ఇప్పుడున్న దానికి ఒకటిన్నర రెట్ల నుంచి రెట్టింపు మధ్య అడగడం సబబుగా ఉంటుంది. అంతకన్నా పెద్ద అంకె అడిగితే, కంప్యూటర్ చేతుల్లోంచి మనిషి చేతుల్లోకి ఫైలు వెళ్తుంది, కాగితాలు అడుగుతారు, కొన్నిచోట్ల బ్యాంకు మీ రిపోర్టు తీసి చూసినట్టు అందులో ఎంక్వైరీ అని పడుతుంది. కొన్ని వ్యవస్థలు అడిగినంత కుదరకపోతే తమకు కుదిరినంత ఇస్తాయి, కొన్ని పూర్తిగా తిరస్కరిస్తాయి. ఏ రకమో ముందు తెలియదు కాబట్టి, అడిగేటప్పుడే "ఇంత కుదరకపోతే ఎంత వరకు ఇవ్వగలరో అంత ఇవ్వండి" అని కలపండి.

ఆదాయం వైపు నుంచి కూడా ఒకసారి సరిచూసుకోండి. అమెరికాలో 2009 నాటి కార్డ్ చట్టం ప్రకారం లిమిట్ పెంచే ముందు తీర్చగల స్తోమత చూడటం తప్పనిసరి. ఆస్ట్రేలియాలో 2019 నుంచి, మొత్తం లిమిట్ వాడేస్తే మూడేళ్లలో తీర్చగలరా అని లెక్కవేయాలి. మీరు కూడా అదే ప్రశ్న వేసుకోండి. అడుగుతున్న లిమిట్ మొత్తం ఒక్క నెలలో ఖర్చయిపోతే, మీ జీతంలోంచి ఎన్ని నెలల్లో తీర్చగలరు? జవాబు చెప్పుకోవడానికి మీకే కష్టంగా ఉంటే, అంకె తగ్గించండి.

కాగితాలు

ఉద్యోగులైతే చివరి మూడు నెలల శాలరీ స్లిప్పులు, జీతం పడే ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంట్, చివరి ఏడాది పన్ను రిటర్ను. సొంత వ్యాపారమైతే రెండేళ్ల రిటర్నులు, వ్యాపార ఖాతా స్టేట్‌మెంట్. అడగకముందే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. మళ్లీ అప్‌లోడ్ చేయమని వచ్చే లింకులు కొద్ది రోజులకే చచ్చిపోతాయి.

కాగితాల దగ్గర ఆగిపోయే దరఖాస్తులకు కారణాలు చిన్నవే. పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉండి అవతల తెరుచుకోదు. స్టేట్‌మెంట్‌లో మొదటి పేజీ, చివరి పేజీ మాత్రమే పంపుతారు. ఫోన్‌తో తీసిన ఫొటోలో అంచు తెగి ఖాతా నంబరు కనబడదు. శాలరీ స్లిప్‌లో ఇంటిపేరు ముందుంటుంది, కార్డు మీద చివర ఉంటుంది. ఫారంలో మొత్తం జీతం రాసి, స్టేట్‌మెంట్‌లో కోతలు పోను చేతికొచ్చినది చూపిస్తారు, రెండూ పొంతన కుదరవు. ఫారంలో ఏ జీతం అడిగారో చదివి అదే రాయండి. తేడా ఉంటే స్లిప్‌లో కోతలు కనబడేలా చూడండి.

ఆదాయాన్ని పెంచి రాయొద్దు. దొరికితే లిమిట్ రాకపోవడంతో ఆగదు, ఉన్న కార్డు కూడా మూసేయొచ్చు. తప్పుడు సమాచారం ఇచ్చారన్న గుర్తు ఆ బ్యాంకులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

అడిగే రోజు

ముందు యాప్ తెరవండి. కార్డు సేవల్లో లిమిట్ పెంపు అన్న మీట ఉండి, లోపల ఒక అంకె సిద్ధంగా కనబడుతోందంటే బ్యాంకు తన లెక్క ముందే వేసేసుకుందన్నమాట. అలాంటి ఆఫర్‌కి సాధారణంగా కాగితాలూ కొత్త ఎంక్వైరీ అక్కర్లేదు. అంకె మీ లెక్కకు దగ్గరగా ఉంటే తీసేసుకోండి. ఆఫర్ లేకపోతే ఫారం నింపండి, ఫారం లేకపోతే ఫోన్. బిల్లు తయారైన వారం పది రోజులకు, అంటే తక్కువ బాకీతో ఉన్న తాజా బిల్లు రికార్డులోకి ఎక్కాక అడగండి.

ఎంక్వైరీ సంగతి ముందుగా తేల్చుకోవాలి. బ్యాంకు మీ రిపోర్టు తీసేది రెండు రకాలు. ఒకటి, తన పాత కస్టమర్‌ని మామూలుగా చూసుకోవడం, ఇంటర్నల్ రివ్యూ అంటారు. దీని వల్ల స్కోరు కదలదు. రెండోది, కొత్త అప్పు అడిగినట్టుగా తీయడం. ఇది మిగతా బ్యాంకులకూ కనబడుతుంది, స్కోరు కొద్దిగా తగ్గిస్తుంది. అమెరికా రిపోర్టులో ఇది రెండేళ్లు ఉంటుంది. ఒక్క ఎంక్వైరీతో కొంప మునగదు. కానీ కొత్త కార్డుకి ఒకటి అప్పటికే పడి ఉంది, త్వరలో ఇంటి లోనుకు వెళ్లేవాళ్లకు ఇంకోటి అనవసరం.

ఫోన్‌లో మాట ఇలా సాగితే బాగుంటుంది:

"నమస్కారమండీ. నా కార్డు తీసుకుని ఏడు నెలలైంది. లిమిట్ పెంపు గురించి అడగాలి. దరఖాస్తు నమోదు చేయకముందు ఒక్క విషయం చెప్పండి. దీనికి నా క్రెడిట్ రిపోర్టులో కొత్త ఎంక్వైరీ పడుతుందా?"

"చూసి చెప్తాను సార్… ఇంటర్నల్ రివ్యూ అయితే పడదండి. కాగితాలు పెట్టి చేస్తే పడుతుంది."

"అయితే ముందు ఇంటర్నల్ రివ్యూ కింద చూడండి. ఇప్పుడున్నది 50,000. నాకు 80,000 కావాలి. ఏడు బిల్లులూ గడువులోపు పూర్తిగా కట్టాను. మార్చి నుంచి జీతం పెరిగింది, ప్రొఫైల్‌లో మార్చాను. 80,000 కుదరకపోతే ఎంతవరకు వీలైతే అంత చేయండి."

"రిక్వెస్ట్ పెడుతున్నాను సార్. మూడు నుంచి ఏడు పనిదినాలు పడుతుంది."

"రిక్వెస్ట్ నంబరు చెప్పండి, రాసుకుంటాను. ఇది శాశ్వత పెంపేనా, తాత్కాలికమా?"

ఈ చివరి ప్రశ్న మర్చిపోకండి. తాత్కాలిక పెంపు ఒకటి రెండు నెలలకే ఇస్తారు, ప్రయాణానికో ఆసుపత్రి ఖర్చుకో పనికొస్తుంది. గడువు ముగిసిన రోజున లిమిట్ పాత అంకెకి వచ్చేస్తుంది. అప్పటికి బాకీ 65,000 ఉంటే, 50,000 లిమిట్ దాటినట్టు లెక్క, లిమిట్ దాటిన రుసుము వేసే చోట అదీ పడొచ్చు.

ఎందుకు కావాలని అడిగితే నిజమైన మామూలు కారణం చెప్పండి: నెల ఖర్చులన్నీ ఒకే కార్డు మీదికి తెచ్చుకుంటున్నాను, ప్రయాణాల బుకింగులు ఉంటాయి. డబ్బుకి ఇబ్బందిగా ఉంది, వేరే అప్పు తీర్చాలి అన్న మాట వస్తే అక్కడితో ఆగిపోతుంది. నిజంగా పరిస్థితి అదే అయితే లిమిట్ పెంచుకోవడం మందు కాదు. కార్డు వడ్డీ కన్నా తక్కువ వడ్డీకి దొరికే లోను గురించి, లేదా బాకీని వాయిదాల్లో సర్దుకోవడం గురించి అదే బ్యాంకుతో మాట్లాడండి.

పెంచితే వెంటనే చూసుకోవాల్సినవి

ఆటో డెబిట్‌కి పైగీత ఒకటి ఉంటుంది, ఇంతకు మించి నా ఖాతాలోంచి తీసుకోవద్దు అని మీరు మొదట్లో పెట్టినది. అది 50,000 దగ్గరే ఉండి, కొత్త లిమిట్‌లో 62,000 బిల్లు వస్తే, డెబిట్ మొత్తంగా ఆగిపోవచ్చు. కష్టపడి ఆరు నెలలు కట్టుకున్న రికార్డులో మొదటి ఆలస్యం ఇలా పడుతుంది. లిమిట్ పెరిగిన రోజే ఆ గీత కూడా పెంచండి.

నగదు తీసుకునే లిమిట్ కూడా దాంతోపాటే పెరిగి ఉండొచ్చు. అవసరం లేకపోతే తగ్గించమనండి, కార్డు దొంగల చేతిలో పడితే పోయేది తగ్గుతుంది. ఆన్‌లైన్, విదేశీ లావాదేవీల రోజువారీ పరిమితి యాప్‌లో మీరే సరిచేసుకోవచ్చు. యాడాన్ కార్డు, అంటే మీ కార్డు మీదే ఇచ్చే అదనపు కార్డు, ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటే, వాళ్లు వాడేదీ ఇదే లిమిట్‌లోంచే. వాళ్ల కార్డుకి విడిగా పరిమితి పెట్టొచ్చేమో అడగండి.

మీరు అడగకుండా బ్యాంకే పెంచేస్తే? భారత్‌లో రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన కార్డుల నిబంధనల ప్రకారం మీ స్పష్టమైన అంగీకారం లేకుండా పెంచకూడదు. మీ ప్రమేయం లేకుండా కార్డునే పై రకానికి మార్చి రుసుము వేస్తే, ఆ రుసుము వెనక్కివ్వడమే కాక దానికి రెట్టింపు మొత్తం మీకు చెల్లించాలి.

కుదరదంటే

కారణం అడగండి, రాతపూర్వకంగా. అమెరికాలో పూర్తి దరఖాస్తు అందిన 30 రోజుల్లోపు నిర్ణయం తెలియజేయాలని చట్టం ఉంది, ప్రత్యేక కారణాలు అడిగి తెలుసుకునే హక్కూ ఉంది. భారత్‌లో కార్డు దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. ఆ లెక్కన లిమిట్ విషయంలోనూ ఈమెయిల్‌లో అడగడానికి జంకనక్కర్లేదు.

కార్డు కొత్తదంటే ఆగడమే మందు. వాడకం ఎక్కువంటే మూడు బిల్లులు 20 శాతం లోపు తెచ్చి మళ్లీ అడగండి. ఆదాయం చాలదంటే పాత ఈఎంఐ ఒకటి ముగిసేదాకా ఆగండి, ముగిసిన రోజు నుంచి కాక అది రిపోర్టులో మూసినట్టు పడిన రోజు నుంచి లెక్క. మీకు ఇవ్వగలిగినంత ఇచ్చేశాం అంటే ఆ బ్యాంకులో దారి అయిపోయినట్టే, ఇంకో బ్యాంకు కార్డు గురించి ఆలోచించాలి. ఏ కారణమైనా మళ్లీ అడగడానికి మూడు నుంచి ఆరు నెలలు వ్యవధి ఇవ్వండి. వారం వారం అడిగితే, ఈ మనిషికి డబ్బు అత్యవసరంగా కావాలి అన్న అనుమానం వస్తుంది.

ఇప్పుడు అసలు అడగకూడని వాళ్లు

మూడు నాలుగు నెలల్లో ఇంటి లోనుకు వెళ్లేవాళ్లు ఆగండి. కొన్ని దేశాల్లో, ముఖ్యంగా ఆస్ట్రేలియాలో, మీరు వాడకపోయినా కార్డు లిమిట్ మొత్తాన్నీ ఏ రోజైనా అప్పుగా మారేదిగా లెక్కేసి ఇంటి లోను మొత్తం తగ్గిస్తారు. ఉద్యోగం మారుతున్నవాళ్లు కొత్త చోట మూడు జీతాలు పడేదాకా ఆగండి. జీతం తగ్గినవాళ్లు అడిగితే బ్యాంకు మళ్లీ లెక్క చూసి ఉన్నది తగ్గించే ప్రమాదం ఉంది. ప్రతి నెలా కొంత బాకీ మోస్తూ వడ్డీ కడుతున్నవాళ్లూ అడగకండి, మీకు లిమిట్ వచ్చినా బాకీయే పెరుగుతుంది.

చివరిగా ఒక జాగ్రత్త. లిమిట్ పెంచమని అడిగిన వారంలో మీకు ఫోన్ రావొచ్చు: "మీ లిమిట్ పెంపు మంజూరైంది, ఇప్పుడొచ్చిన ఓటీపీ చెప్తే పూర్తవుతుంది." మీరు నిజంగానే అడిగి ఉన్నారు కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. అవతలివాళ్లకు మీరు అడిగిన సంగతి తెలియనక్కర్లేదు, వందమందికి అదే మాట చెప్తారు, అందులో ఎవరో ఒకరు అడిగి ఉంటారు. లిమిట్ పెంచడానికి ఏ బ్యాంకూ ఫోన్‌లో ఓటీపీ, సీవీవీ, పిన్ అడగదు, తెర చూపించే యాప్ వేసుకోమనదు, ముందుగా రుసుము కట్టమనదు. వచ్చిన ఓటీపీ సందేశం పూర్తిగా చదివితే ఎక్కువసార్లు అందులోనే ఉంటుంది, ఏ దుకాణంలో ఎంత మొత్తానికో. ఫోన్ పెట్టేసి, కార్డు వెనకున్న నంబరుకి మీరే చేసి, రాసిపెట్టుకున్న రిక్వెస్ట్ నంబరు చెప్పి అడగండి.